జైసల్మేరు: ఎడారిలోని పుస్తక భాండారము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)

   

ఈ రజతోత్సవ సందర్భమున ఏదేని యొక విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. గ్రంథాలయ సభలో గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పుట పరిపాటి. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి జరిగిన కథను నాకంటె బాగుగ నెఱిగినవారు ఈ వేదికపైననే యున్నారు. కావున నేనా దారిని పోక, గడచిన మాఘమాసమున చూచి వచ్చిన జైసల్మేరు నగరమును గూర్చి చెప్పదలచితిని. ఎడారికిని మన గ్రంథాలయమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. ఆ సంబంధమును చెప్పుటకే లేచితిని. కాని నగరమును చూపక నేరుగా పుస్తకములయొద్దకు మిమ్ము తీసికొనిపోయినచో అవి యచట నిలిచియుండుట యెంత వింతయో తెలియదు. అందుచేత కొంత ఓపికతో నా వెంట నడువుడు.

రాజస్థానమునకు పడమటి కొసన జైసల్మేరు జిల్లా కలదు. దాని వైశాల్యము 38,401 చదరపు కిలోమీటర్లు. అనగా ఇంచుమించు కేరళ రాష్ట్రమంత. జోధపురము దాటి పడమరగా దాదాపు 300 కిలోమీటర్లు పోవలెను. పోకరణము గడచిన పిదప పచ్చని చెట్టు కనబడుట అరుదు. కనబడినదేని అది ఖేజడీ. పేరు విని క్రొత్తచెట్టనుకొనకుడు. దసరానాడు మనము ప్రదక్షిణము చేసి ఆకు తెచ్చుకొను జమ్మిచెట్టే అది. మనము ఏటికొకనాడు పూజింతుము; వారు దాని కాయలను ఎండబెట్టి ఏడాది పొడవున కూర వండుకొందురు, ఆకును మేకలకు వేయుదురు. అచట కురియు వాన సంవత్సరమునకు ఇంచుమించు 20 సెంటీమీటర్లు. మన ప్రాంతమున కురియునది సుమారు 100 సెంటీమీటర్లు. ఈ రెండు అంకెలను మనస్సున నుంచుకొనుడు.

రామాయణమున యుద్ధకాండలో ఒక చిన్న కథ కలదు. సముద్రుడు దారి యీయనందుకు కోపించి రాముడు బాణమును సంధించెను. సముద్రుడు శరణుజొచ్చిన పిమ్మట, సంధించిన బాణము వ్యర్థము కారాదు గనుక, ఉత్తరదిక్కున నున్న ద్రుమకుల్యమను చోటిపై విడిచెను. అచటి నీరెల్ల ఇంకి అది మరుకాంతారమయ్యెను. అంతటితో కథ ముగియలేదు. తానెండగట్టిన నేలకు రాముడే వరమిచ్చెను: పశువులకు మేలగునది, రోగములు తక్కువగునది, పాలును నేతులును సమృద్ధిగ గలది, ఓషధులతో సుగంధించునది కమ్మని. థార్ ఎడారికి చెందిన థార్‌పార్కర్ జాతి ఆవులు నేడును పాడికి ప్రసిద్ధములు. ఆ మందలను చూచునపుడు వాల్మీకి ఎడారిని ఎఱుగక వ్రాయలేదని నాకు తోచినది. శాపమునకు వరమును తోడుగ నిచ్చుట కవి స్వభావము. ఆ వరమును పండించుకొనుట మాత్రము మనుష్యుల పని.

నగరమును దూరమునుండి చూచినపుడు ఇసుకనుండియే మొలచినట్లుండును. కొండయు, కోటయు, ఇండ్లును, గుడులును అన్నియు నొకే పసుపువన్నె రాయి. 1156వ సంవత్సరమున భాటీ రాజపుత్రుడైన రావల్ జైసలుడు త్రికూటమను కొండపై కోట కట్టించెను. జైసలుని మేరువు గనుక జైసల్మేరు. కోటకు 99 బురుజులు కలవు. భాటీలు తాము యాదవులమనియు, శ్రీకృష్ణుని సంతతివారమనియు చెప్పుకొందురు. కృష్ణుడు అర్జునునితో కలసి ఈ కొండకు వచ్చి, చక్రముతో రాతిని చీల్చి నీరు తెప్పించెనని వారి ఐతిహ్యము. కోటలో జైసలుని పేరిట నొక బావిని నేడును చూపుదురు. ముట్టడులు, జౌహరులు, రాజుల వంశావళులు మొదలగు వానిని మన గ్రంథాలయమున నున్న చరిత్ర పుస్తకములలో చదువవచ్చును. వానిని వదలుచున్నాను.

ఈ నగరమునకు ధనమెచటిది? పంటనుండి కాదు, దారినుండి. సింధుదేశమునకును, ముల్తానునకును పోవు ఒంటెల బిడారులు ఈ కోటక్రిందుగా సాగెడివి. ఆ సుంకము, ఆ వడ్డీ, ఆ బేరము వర్తకుల మేడలుగ మారినవి. గుమాన్‌చంద్ పట్వా అను షావుకారు తన యైదుగురు కుమారులకై ఐదు భవనములు తలపెట్టెను. 1805లో మొదలైన పని సుమారు ఐదు దశాబ్దములు సాగినది. ‘పట్వా’ యనగానే మనలో కొందఱు ‘పట్వారీ’ యనుకొని నావంక చూచి నవ్వుచున్నారు. రెండు మాటలకును పొత్తు లేదు. ఆ మాటకు పట్టుపోగు మూలము. ఈ మాటకు పట్టా మూలము. పట్టుపోగువాడు ఐదు మేడలు కట్టెను. పట్టా వ్రాసినవారి వంశమున పుట్టిన నాకు మిగిలినవి దస్త్రములు మాత్రమే.

1885 నాటి నథ్‌మల్ దివాను భవనమును హాథీ, లూలూ అను నిద్దఱన్నదమ్ములు చెరిసగము చెక్కిరి. కుడి యెడమలు దూరమునుండి ఒక్కటిగనే యుండును. దగ్గఱకు పోయి చూచినచో ఒక గవాక్షమును మఱియొక గవాక్షము పోలదు. ఇద్దఱు శిల్పులును ఎవరి చేతివాటమును వారు విడువక ఒక యింటిని నిలిపిరి. మేడలలో నేను మిక్కిలి సేపు నిలిచి చూచినదిదియే.

పిదప కాలమున బొంబాయి రేవు పెరిగినది, సరకులు ఓడలమీదను రైళ్ళమీదను సాగినవి. 1947లో దేశవిభజనతో సింధుదారి బొత్తిగా మూసికొనిపోయినది. దారివలన బ్రతికిన ఊరు దారి చివర మిగిలినది. అట్టి యూళ్ళు సాధారణముగ పాడుపడును. జైసల్మేరు పాడుపడలేదు. అందుకు కారణము నీటియొద్ద వెదకవలెను.

కోట వెలుపల గడీసర్ అను పెద్ద చెరువు కలదు. పదునాలుగవ శతాబ్దిలో గడ్సీ రావల్ దానిని త్రవ్వించెను. దానిలోనికి నీరు పాఱివచ్చు మెట్టనేలను వారు ‘ఆగోర్’ అందురు. ఆ నేలపై చెప్పులతో నడువరాదు, మలినము చేయరాదు, పశువులను మళ్ళింపరాదు అను కట్టుబాటు పూర్వముండెడిది. చెరువును చెరువుకట్టవఱకే చూచుట మన అలవాటు. వారు వాన పడిన చోటునుండి లెక్క పెట్టిరి. ఏటేట పూడిక తీయుటకు రాజును ప్రజలును కలసి పనికి దిగుటను ‘లాస్’ అనెడివారని అనుపమ్ మిశ్రగారు రాజస్థానపు జలాశయములను గూర్చిన తమ గ్రంథములలో వ్రాసిరి. గడీసర్ నిండి పొరలిన నీరు దిగువ చెరువులకు పోవునట్లు అమర్చిరి. మన గొలుసుకట్టు చెరువుల పద్ధతియే ఇది. మనయొద్ద మత్తడి దుమికిన నీరు మఱియొక చెరువును నింపును. వారియొద్ద చుక్కచుక్కను అట్లే నడిపించిరి.

ఆ చెరువునకు పోవు దారిలో నొక అందమైన తోరణద్వారము కలదు. తీలోన్ అను వేశ్య దానిని కట్టించెననియు, వేశ్య కట్టించిన ద్వారముక్రిందుగా నీటికి పోరాదని రాజాంతఃపురమువారు అభ్యంతరము చెప్పగా, ఆమె రాత్రికి రాత్రి ద్వారముపై కృష్ణుని గుడి నిలిపెననియు చెప్పుదురు. దేవుడుండగా ద్వారమును కూల్చువారెవరు? ఇది జనులు చెప్పుకొను కథ. నిజానిజముల విచారము నాకు లేదు. మంచి యుపాయమని మాత్రము ఒప్పుకొనవలెను.

భూమిలోని లోతునీరు అచట చాలచోట్ల ఉప్పన. ఐనను కొన్ని తావులలో ఇసుక క్రింద జిప్సపు పొర యొకటి వ్యాపించియున్నది. వాననీరు ఇసుకలో దిగి ఆ పొరపై నిలుచును. దానిని దాటి ఉప్పునీటిలో కలియదు. ఆ పొరవఱకే, ఒక్క మనిషి కూరుచుండి త్రవ్వుటకు మాత్రము చాలునంత యిఱుకుగ, ‘కుయీ’ అను బావిని దింపుదురు. ఇసుక కూలకుండ గడ్డితో పేనిన లావైన త్రాటిని చుట్లు చుట్లుగ అంచులకు అమర్చుదురు. ఇసుకలోని చెమ్మ చుక్కలుగ కాఱి కొన్ని గంటలకు కొన్ని కుండల నీరగును. ఆ నీరు తీయన. వానలు పడిన ఏడాదిలో పల్లపునేలకు అడ్డముగ పొడవైన మట్టికట్ట వేసి, నిలిచిన నీరు ఇంకిన పిదప ఆ చెమ్మలో గోధుమ విత్తు పద్ధతికి ‘ఖడీన్’ అని పేరు. పాలీవాల్ బ్రాహ్మణులు దీనిలో ఆరితేరినవారు. వారి కుల్‌ధరా గ్రామమును పందొమ్మిదవ శతాబ్దిలో విడిచిపోయిరి. ఒక దివాను దురాగతమును తాళలేక ఒకే రాత్రి లేచిపోయిరని ప్రతీతి. ఇండ్లగోడలు నేటికిని నిలిచియున్నవి. అచటికి బండ్లలో వచ్చు యాత్రికులు దయ్యములను గూర్చియే అడుగుదురుగాని ఖడీనును గూర్చి అడుగువారిని నేను చూడలేదు.

ఇచట నాకు భారతములోని ఉదంకుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. అశ్వమేధపర్వమున, యుద్ధానంతరము ద్వారకకు మరలుచున్న కృష్ణుడు ఈ మరుదేశముననే ఉదంక మహర్షిని కలిసికొనెను. దప్పిక గొన్నపుడు నన్ను తలచుము, నీరు లభించునని వరమిచ్చెను. ఒకనాడు ఉదంకుడు దప్పికతో తలచెను. కుక్కలు చుట్టు మూగియున్న ఒక చండాలుడు ఎదుటికి వచ్చి నీరు త్రాగుమని అందీయవచ్చెను. మహర్షి అసహ్యించుకొని త్రోసిపుచ్చెను. తరువాత తెలిసినదేమనగా ఆ వచ్చినవాడు ఇంద్రుడు, తెచ్చినది అమృతము. కృష్ణుడు జాలిపడి, ఎడారిలో నీకొఱకు మేఘములు వచ్చుననియు, వానిని ఉదంకమేఘములందురనియు చెప్పెను. ఇంతటి కథను కలిగియుండియు మన బావులయొద్ద తరతరములుగ ఏమి జరిగినదో పెద్దలెఱుగుదురు. ఆ ముచ్చటను ఇంతతో విడుచుచున్నాను.

ఇక పుస్తకములు. కోటలోపల పసుపురాతి జైనాలయములు ఒకదానినొకటి ఆనుకొనియున్నవి. వానిలో సంభవనాథుని ఆలయముక్రింద, మనుష్యుడు వంగి దిగవలసిన నేలమాళిగయందు, జినభద్రసూరి జ్ఞానభాండారము కలదు. పదునైదవ శతాబ్దిలో ఖరతరగచ్ఛమునకు చెందిన జినభద్రసూరి యను ఆచార్యుడు దీనిని నెలకొల్పెను. సుమారు 400 తాళపత్ర గ్రంథములును, కాగితపు ప్రతులు అనేకములును ఇందు చేరినవి. ఆ యెడారిలో తాటిచెట్టు లేదు. పశ్చిమభారతమున వ్రాతకు వాడిన మెత్తని శ్రీతాళపత్రములు దక్షిణదేశమునుండి వర్తకులద్వారా పోయినవే. మనవలె ఘంటముతో గీచి మసి పూయుట వారి పద్ధతి కాదు. కలముతో, సిరాతో ఆకుమీద వ్రాసిరి. ప్రతి వ్రాయించుటకు ధనమిచ్చిన గృహస్థుని పేరు గ్రంథాంతమున వ్రాయుట వారి యాచారము. గుడి కట్టించుటయెట్లో గ్రంథము వ్రాయించుటయు అట్లే పుణ్యమని వారి విశ్వాసము. కొన్నిచోట్ల భార్య పేర, తల్లి పేర వ్రాయించినవారును కలరు.

1874వ సంవత్సరమున బొంబాయి ప్రభుత్వ విద్యాశాఖలో నుండిన బ్యూలర్ అను జర్మను పండితుడు, తన వెంట యువకుడైన యాకోబీ రాగా, జైసల్మేరునకు వచ్చెను. భాండారములో వెదకుచుండగా వారికొక తాళపత్ర ప్రతి దొరకినది. అది బిల్హణుని విక్రమాంకదేవచరితము. పదునెనిమిది సర్గల కావ్యము. ఇద్దఱు పండితులును స్వహస్తములతో దానికి నకలు వ్రాసికొనిరి. మఱుసటి యేట, 1875లో, బ్యూలర్ దానిని అచ్చువేయించెను.

ఈ విక్రమాంకదేవుడెవరు? కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుడు. 1076నుండి 1126వఱకు ఏబదియేండ్లు ఏలినవాడు. ఆయన రాజధాని కల్యాణము, బీదరు జిల్లాలోని నేటి బసవకల్యాణము. ఇచటికి దూరదేశము కాదు. మన యిందూరు సీమయు ఆయన ఏలుబడిలోనిదే. ఓరుగంటి కాకతీయులు అప్పటికింకను ఆయనకు సామంతులు. హిందువుల దాయభాగమునకు ప్రమాణమని పేరొందిన మితాక్షర ఆయన కొలువుననే విజ్ఞానేశ్వరుడు రచించెను. కాశ్మీరమునుండి నడచివచ్చిన బిల్హణునికి విద్యాపతి బిరుదమిచ్చి ఆదరించినదియు ఆయనయే. అట్టి మన రాజు చరిత్రమును మనము పోగొట్టుకొంటిమి. ఆయన పేరు చెక్కిన శాసనపు రాళ్ళు మన పొలాలలో నిలిచియున్నను, ఆయన కథ వ్రాసిన తాటియాకులు మాత్రము మనకు పరాయిదైన కోటలో, మనకు పరాయి మతమువారి మాళిగలో, మన దేశపు రాజనియైనను తలపక కాపాడబడినవి. వారికి అది శాస్త్రము, అక్షరము, అది చాలినది.

రెండవది ఇంకను వింత. ఉద్ద్యోతనసూరి అను జైనాచార్యుడు 779వ సంవత్సరమున, జాలోరు నగరమున, కువలయమాల యను ప్రాకృత కథను ముగించెను. అందు రాజకుమారుడొకడు అంగడివీధిలో నడచుచు నానాదేశముల వర్తకులను చూచును. ఒక్కొక్క దేశమువారి రూపమును, గుణమును, వారు పలుకు పలుకుబడిని కవి ఒక్కొక్క ముక్కలో పట్టి చూపెను. ఆ వరుసలో ఆంధ్రులు కలరు. అందగాండ్రనియు, భోజనప్రియులనియు, కయ్యమనిన ముందుండువారనియు మనలను వర్ణించెను. మన నోటి మాటలను తన చెవికి సోకినట్లు రెండు మూడు శబ్దములుగ వ్రాసిపెట్టెను. నన్నయ భారతమునకు రెండువందల యేబది యేండ్లకు పైగా ముందటి మాట ఇది. తెలుగువాని వాక్కు పరాయి చెవికి ఎట్లు వినబడెనో తెలుపు అతిప్రాచీన సాక్ష్యములలో ఒకటి. ఈ కథకు తాళపత్ర ప్రతి జైసల్మేరు భాండారమున దొరకినది. అది 1083 నాటిది. జైసలుడు కోటకు పునాది వేసినది 1156లో. అనగా ఆ పుస్తకము కోటకంటె డెబ్బదిమూడేండ్లు పెద్దది! ఆ ప్రతి యాధారముగ ఉపాధ్యే పండితుడు పరిష్కరించిన మూలము 1959లో అచ్చైనది.

అద్దముచాటున ఆ భాండారమువారు చూపు పత్రములను చూచుచు, అన్నియేండ్లు ఇవి యెట్లు నిలిచెనని అచటి వృద్ధ పరిచారకుని హిందీలో అడిగితిని. ఎడారిగాలి పొడిగాలి గనుక చెదలు రావని చెప్పునని నా యూహ. ఆయన అట్లు చెప్పలేదు. "గాలి కొంత కాపాడినది, పంచమి కొంత కాపాడినది" అనెను. కార్తీక శుద్ధ పంచమి జైనులకు జ్ఞానపంచమి. వానకాలము వెళ్ళిన పిమ్మట ఆనాడు పుస్తకములను వెలికి తీసి, దుమ్ము దులిపి, కట్లు విప్పి, క్రొత్తగుడ్డలు చుట్టి పూజింతురు. ఏటికొక పర్యాయము ప్రతి కట్టయు ఒక మనుష్యుని చేతిలోనికి వచ్చును. మనయొద్ద సరస్వతీపూజకు పుస్తకమును పీటపై పెట్టి, పసుపుకుంకుమలు చల్లి, విప్పకయే మరల అటుకెక్కింతుము. పూజ రెంటను నొకటే, ఫలము వేఱు.

ఇరువదవ శతాబ్దిలో పుణ్యవిజయ మునీంద్రుడు వచ్చియుండకపోయినచో ఈ పంచమియు చాలకపోయెడిది. ఆయన 1950 ప్రాంతమున పాదచారియై వచ్చి, ఏడాదికి పైగా అచటనే యుండి, చెదరిన ఆకులను గ్రంథములకు చేర్చి, వరుససంఖ్యలు వేసి, లోహపు పెట్టెలలో అమర్పించెను. జైనమునులు వాహనమెక్కరు. ఆయన 1971లో పరమపదించెను. ఆయన సిద్ధపఱచిన గ్రంథసూచి 1972లో అహమ్మదాబాదునందు ప్రకటింపబడినది. పుస్తకము వ్రాసినవానిని లోకమెఱుగును. పుస్తకములకు పట్టిక వ్రాసినవానిని ఎఱుగుట తక్కువ. లెక్కలు వ్రాయువాడను గనుక నాకాయనపై భక్తి ఎక్కువ.

నాతో నా మిత్రుడొకడు వచ్చెను. మన మండలములోని తండాలో పుట్టి ఉపాధ్యాయుడైనవాడు. కోటక్రింది అంగడిలో అద్దాల రవిక బేరమాడుచు, హిందీ విడిచి, వేడుకకు తన యింటి లంబాడీ మాటలో ధర అడిగెను. దుకాణపు ముసలాయన ఒక్క నిమిషము చూచి, "భాయీ సా, ఎచటివారు మీరు?" అని తన మార్వాడీలో అడిగెను. పూర్తిగ కాకున్నను ఒకరిమాట మఱియొకరికి సగపాలు తెలిసినది. నీరు ఇద్దఱికిని ‘పాణీ’. రొట్టె మన తండాలలో ‘బాటి’. అచట నిప్పులలో కాల్చిన ఉండరొట్టె ‘బాటీ’. మిత్రుడు నావైపు తిరిగి, "పంతులుగారూ, మా నాయనమ్మ మాట్లాడినట్లే ఉన్నది" అనెను. ఆపై చాలసేపు పలుకలేదు. లంబాడీల భాష రాజస్థానీ వర్గమునకు చేరినదని గ్రియర్సను మహాశయుని భాషాసర్వేక్షణము చెప్పుచున్నది. ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోయుచు, మొగలు సైన్యములకు బియ్యము చేర్చుచు ఆ బిడారులు పదునేడవ శతాబ్దిలో దక్కనునకు విస్తారముగ దిగినవి. ఎడారినగరము మనకు పరదేశము కాదు. మన తండాలలో సగము పదములు అచటినుండి నడచివచ్చినవే.

అచట మాంగణియారులను గాయకులు కలరు. ముసల్మానులు. తరతరములుగ రాజపుత్రుల యిండ్లలో పెండ్లికి, పురిటికి, చావునకు పాడువారు. పాటకు ముందు కృష్ణుని తలచువారును వారిలో కలరు. కమాయచా యను తోలుకప్పిన తీగవాద్యము వాయించుచు, పోషకుని వంశమును పేరుపేరున గానము చేయుదురు. 1960లో విజయదాన్ దేథాతో కలసి బోరుందా గ్రామమున రూపాయన్ సంస్థానమును స్థాపించిన కోమల్ కోఠారి (1929–2004) వారి పాటలను ధ్వనిముద్రణము చేయించి లోకమునకు వినిపించెను. ఇట్టివారు మనకు లేరా? లంబాడీల వంశములు పాడు ఢాడీలు కలరు. చిందువారు కలరు, మన జిల్లాల కీర్తిని దేశమంతట నిలిపిన చిందుల ఎల్లమ్మ 2005లో గతించెను. పిచ్చకుంటులవారు కలరు. వారి నోట నున్నది తాటియాకుపైన లేదు. ఆ నోరు మూతపడిననాడు విక్రమాంకదేవచరితమువలె వెదకి తెచ్చుటకు ఏ జైసల్మేరు నుండదు.

ఒక విచారకరమైన మాటను దాచరాదు. సట్లెజ్, బియాస్ నదుల నీటిని పంజాబులోని హరీకే నుండి తెచ్చు ఇందిరాగాంధీ కాలువ పని 1958లో ఆరంభమైనది. నేడు ఆ నగరము ఆ నీటినే త్రాగుచున్నది. కుండలతో మోసికొన్న దినములు పోయినవి, మంచిదే. కాని కోటలోపల నేటికిని కొన్నివేలమంది నివసింతురు. కొళాయిలు వచ్చినవి, యాత్రికుల వసతిగృహములు పెరిగినవి. వాడిన నీరు పోవుటకు తగిన కాలువలు మొదట లేవు. ఆ నీరు కొండలోని మెత్తని మన్నులోనికి దిగి గోడలను కదల్చినది. ఎనిమిదివందల యేండ్లు నీటి కఱవును ఓర్చుకొన్న కోటకు నీటివలననే చేటు వచ్చినది. 1996లో ప్రపంచ స్మారకముల నిధి సంస్థ దానిని ప్రమాదస్థితిలోని కట్టడముల జాబితాలో చేర్చెను. 2013లో యునెస్కో రాజస్థానపు ఆఱు గిరిదుర్గములలో నొకటిగ దానిని ప్రపంచ వారసత్వముగ ప్రకటించెను. బిరుదములు రెండును ఒకే గోడకు! మరమ్మతులు సాగుచున్నవి.

మన సంగతి చెప్పి విరమింతును. చెరువుల పునరుద్ధరణకై మిషన్ కాకతీయ 2015 మార్చిలో మన ప్రక్కనున్న సదాశివనగరు పాతచెరువు కట్టమీదనే ఆరంభమైనది. మన జిల్లాలోని దోమకొండ కోట జీర్ణోద్ధరణమునకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. కట్టలును కోటలును కొంత తెఱపి పొందినవి. కాగితముల వంతు రాలేదు. 1984లో పట్వారీగిరీ రద్దైన పిదప ఎందఱి యిండ్లలో పాత సేత్వారులు, చౌఫస్లాలు, నైజాము కాలపు ఉర్దూ దస్త్రములు మూటలుగ మిగిలినవో నేనెఱుగుదును. వానిలో చెరువుల తూములు, వాగుల పేర్లు, పాడుపడిన ఊళ్ళ పేర్లు కలవు. మన పండితుల యిండ్లలో తాళపత్రములు కలవు. కొన్ని యిప్పటికే పొయ్యిలోనికిని, కొన్ని వాగులోనికిని పోయినవి.

కావున కార్యవర్గమునకు నా మనవి యిది. మన గ్రంథాలయమున ఒక ఇనుప బీరువాను వీనికై కేటాయింపవలెను. తెచ్చియిచ్చినవారి పేరు, ఇంటి పేరు, తేది ఒక పుస్తకమున వ్రాయవలెను. వస్తువు ఇంటివారిదే, కాపు మాత్రము మనది. తాటియాకులకు నిమ్మగడ్డి నూనె సన్నగ పూయవలెను. కాగితములనడుమ వేపాకును, వసకొమ్మును ఉంచవలెను. ఉర్దూ చదువగల వృద్ధులు మన యూర ఇంకను కొందఱున్నారు. వారానికొక పూట వారిని పిలిచి పట్టిక వ్రాయింపవలెను. ఢాడీల పాటను చేతిఫోనులో పట్టుట నేటి పిల్లలకు క్షణములో పని. కార్తీక శుద్ధ పంచమినాడు బీరువా తెఱచి ప్రతి కట్టను విప్పి చూడవలెను. ఆనాడు గ్రంథాలయమునకు సెలవు వద్దు.

మా తాతగారి చేతివ్రాతతో నున్న రెండు దస్త్రములను, అటుకమీద నుండిన ఒక తాటియాకు కట్టను ఈ బల్లపై నుంచితిని. కట్టలో మొదటి నాలుగు ఆకులు లేవు. అది యే గ్రంథమో మన సంస్కృత పండితులు చూచి చెప్పవలెను. మొదటి పద్దుగ వ్రాసికొనుడు.